స్టార్ వార్స్ కథాలోకం: పొంతన పట్టింపు, దాచిన గుర్తులు

అమెరికన్ దర్శకుడు జార్జ్ లూకస్ సృష్టించిన స్టార్ వార్స్ మొదటి సినిమా 1977 మే 25న విడుదలైంది. 2019 నాటికి ప్రధాన కథ తొమ్మిది భాగాలకు పెరిగింది. దానికి తోడు 'రోగ్ వన్' (2016), 'సోలో' (2018) అనే విడి సినిమాలు, టీవీ సీరియళ్లు, నవలలు, కామిక్స్, వీడియో గేమ్‌లు వచ్చాయి. వందలాది మంది రచయితలు, దర్శకులు చెయ్యి వేసిన ఈ కథ అంతా ఒకే లోకపు చరిత్రలా నిలబడాలని దాని అభిమానులు మొదటి నుంచీ పట్టుబట్టారు. ఒక సినిమాలో చెప్పింది మరో సినిమాతో అతుకుతుందా లేదా అని చూడటం ఒక పని. దర్శకులు, కళాకారులు, సౌండ్ ఇంజనీర్లు ఫ్రేముల్లోనూ సంభాషణల్లోనూ దాచిపెట్టిన గుర్తులను వెతికి పట్టుకోవడం రెండో పని. దాదాపు యాభై ఏళ్లుగా సాగుతున్న ఈ రెండు పనులూ కాలక్షేపంగా మొదలై, చివరికి స్టార్ వార్స్ కథనే మలిచే స్థాయికి చేరాయి.

కల్పిత కథను నిజమైన చరిత్రలా పరీక్షించే అలవాటు స్టార్ వార్స్‌తో పుట్టింది కాదు. 1911లో రోనాల్డ్ నాక్స్ అనే ఆంగ్ల రచయిత షెర్లాక్ హోమ్స్ కథల్లోని తేదీలను, వైరుధ్యాలను బైబిల్ పండితుల పద్ధతిలో విశ్లేషిస్తూ ఒక వ్యాసం చదివాడు. హోమ్స్ అభిమానులు ఆ దారినే పట్టారు. ఆ తర్వాత స్టార్ ట్రెక్ అభిమానులు అందుకున్నారు. అయితే హోమ్స్ కథలు అచ్చయ్యాక వాటి పాఠం స్థిరపడిపోయింది. స్టార్ వార్స్‌లో ఆ స్థిరత్వం లేదు. కథకుడే బతికుండగా కథను మార్చాడు, విడుదలైన సినిమాలనూ మళ్లీ మళ్లీ దిద్దాడు. ఇక్కడి చర్చలకు అంత వేడి రావడానికి మూలం అదే.

మాట మార్చిన కథకుడు

1977లో థియేటర్లకు వచ్చిన సినిమా పేరు 'స్టార్ వార్స్' మాత్రమే. తెర మీద పైకి పాకే పసుపు అక్షరాల ఉపోద్ఘాతంలో 'నాలుగో భాగం' అన్న మాట లేదు. 1980లో 'ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్' అయిదో భాగంగా రావడంతో ప్రేక్షకులు బిత్తరపోయారు. మొదటి సినిమాకు 'నాలుగో భాగం, ఎ న్యూ హోప్' అన్న పేరు 1981 పునర్విడుదలలో చేరింది.

అప్పటికి కథ ఎంత అనిశ్చితంగా ఉండేదో తెలియాలంటే అలన్ డీన్ ఫోస్టర్ 1978లో రాసిన 'స్ప్లింటర్ ఆఫ్ ది మైండ్స్ ఐ' నవల చూడాలి. మొదటి సినిమా ఓ మోస్తరుగా ఆడితే తక్కువ ఖర్చుతో తీయడానికి పనికొచ్చే కొనసాగింపుగా దాన్ని రాయించారు. అందులో కథానాయకుడు లూక్, రాకుమారి లెయాల మధ్య ప్రేమ ఛాయలు స్పష్టంగా ఉంటాయి. 1980 సినిమాలో కూడా లెయా లూక్‌ను ముద్దు పెట్టుకుంటుంది. 1983లో 'రిటర్న్ ఆఫ్ ది జెడై' వచ్చి వాళ్లిద్దరూ కవలలని చెప్పింది.

తండ్రి విషయంలోనూ ఇంతే. మొదటి సినిమాలో వృద్ధ గురువు ఓబీ-వాన్ కెనోబీ, లూక్ తండ్రిని ప్రతినాయకుడు డార్త్ వేడర్ ద్రోహం చేసి చంపాడని చెబుతాడు. రెండో సినిమాలో వేడరే ఆ తండ్రి అని తేలుతుంది. ఓబీ-వాన్ అబద్ధమాడాడా? మూడో సినిమాలో ఆయన ఆత్మ ప్రత్యక్షమై, ఒక కోణంలోంచి చూస్తే తను చెప్పింది నిజమేనని సమర్థించుకుంటాడు: మంచివాడైన తండ్రి, వేడర్‌గా మారిన రోజునే చచ్చిపోయాడట. ఇది పగులుకు వేసిన అతుకే. కానీ ఈ అతుకు కథకు బలం తెచ్చింది. నిజాన్ని దాచి పిల్లవాణ్ణి యుద్ధానికి పంపిన గురువు గురించి ఆలోచించే అవకాశం ప్రేక్షకుడికి దానివల్లే దొరికింది.

అన్ని అతుకులూ ఇంత బాగా కుదరలేదు. 1983 సినిమాలో లెయా తన కన్నతల్లి లీలగా గుర్తుందని, అందంగా, దయగా, విచారంగా ఉండేదని లూక్‌తో చెబుతుంది. 2005లో వచ్చిన 'రివెంజ్ ఆఫ్ ది సిత్'లో ఆ తల్లి పద్మే, కవలలను కన్న కొద్ది క్షణాలకే ప్రాణం విడుస్తుంది. లెయాకు దివ్యశక్తి ఉంది గనుక ఆ జ్ఞాపకం అలా నిలిచిందని కొందరు, ఆమె పెంపుడు తల్లి గురించి మాట్లాడుతోందని మరికొందరు వాదించారు. రెండూ అంతగా ఒప్పించవు. లూక్ అడిగిందే కన్నతల్లి గురించి.

పన్నెండు పార్సెక్‌ల పంచాయితీ

ఈ మొత్తం చరిత్రలో అతి చిన్న మాట మీద అతి పెద్ద చర్చ నడిచింది ఇక్కడే. దొంగసరుకు రవాణా చేసే హాన్ సోలో తన ఓడ మిలీనియం ఫాల్కన్ గురించి గొప్పలు చెబుతూ, కెసెల్ రన్ అనే ప్రయాణాన్ని అది 12 పార్సెక్‌లలోపే పూర్తి చేసిందంటాడు. పార్సెక్ ఖగోళ శాస్త్రంలో దూరానికి కొలత. ఒక పార్సెక్ 3.26 కాంతి సంవత్సరాలు, అంటే సుమారు 31 లక్షల కోట్ల కిలోమీటర్లు. వేగం గురించి చెప్పాల్సిన చోట దూరం చెప్పాడు.

మొదట్లో చాలామంది దీన్ని రచయిత పొరపాటు కింద కొట్టిపారేశారు. అయితే స్క్రిప్టు చదివినవాళ్లకు మరో సంగతి కనిపించింది. ఎదుటివాళ్ల కళ్లు చెదరగొట్టడానికి హాన్ అవాకులు పేలుతున్నాడని, అది విని ఓబీ-వాన్ ముఖకవళికలు మారతాయని అందులో సూచన ఉంది. ఆ లెక్కన అది పాత్ర చెప్పిన కోత. మూడో వివరణ నవలల్లో రూపు దిద్దుకుంది. కెసెల్ దగ్గర 'మా' అనే కృష్ణబిలాల గుంపు ఉందని, దానికి ఎంత దగ్గరగా దూసుకుపోతే దారి అంత కురచ అవుతుందని, దాని లాగుడుకు చిక్కకుండా వెళ్లాలంటే ఓడకు అసాధారణ వేగం ఉండాలని ఆ కథలు చెప్పాయి. దాంతో తక్కువ దూరమే ఎక్కువ వేగానికి నిదర్శనమైంది.

2018లో 'సోలో' సినిమా ఈ మూడో వివరణను తెరకెక్కించింది. మామూలుగా 20 పార్సెక్‌లు పట్టే దారిని వదిలి, హాన్ సుడిగుండం లాంటి అడ్డదారిలోంచి ఓడను నడుపుతాడు. ఆ తర్వాత 12 పార్సెక్‌లని చాటుకుంటే, పక్కనున్న సహచరుడు చ్యూబాకా కాదన్నట్టు గుర్రుమంటాడు. కిందికి సవరిస్తే అంతేనని హాన్ సర్దుబాటు చేస్తాడు. దర్శక రచయితల పనితనం ఈ చివరి మాటలో ఉంది. దూరం లెక్క సరిపోయింది, హాన్ కోతలరాయుడన్న పాత వాదనా నిలిచింది. నలభై ఏళ్ల పంచాయితీలో ఇరుపక్షాలకూ న్యాయం చేసిన తీర్పు ఇది.

ముందు కాల్చిందెవరు?

పార్సెక్‌ల చర్చ సరదాగా సాగితే, గ్రీడో చర్చ మనసులు నొప్పించింది. 1977 ప్రతిలో మద్యశాలలో తనను చంపబోతున్న కిరాయి వేటగాడు గ్రీడోను హాన్ బల్ల కిందనుంచి కాల్చేస్తాడు. గ్రీడో తుపాకీ పేలనే పేలదు. 1997లో లూకస్ విడుదల చేసిన 'స్పెషల్ ఎడిషన్'లో గ్రీడో ముందు కాలుస్తాడు, గురి తప్పుతుంది, హాన్ తిరిగి కాలుస్తాడు. 2004 డీవీడీలో ఇద్దరూ ఇంచుమించు ఒకేసారి కాలుస్తారు. 2019లో డిస్నీ ప్లస్‌లో వచ్చిన ప్రతిలో గ్రీడో కాల్చేముందు 'మక్లంకీ' అనే అర్థంకాని మాట కూడా చేరింది.

ఒకటి రెండు క్షణాల తేడాకు ఇంత గొడవ ఎందుకంటే, హాన్ కథ మొత్తం ఆ క్షణం మీదే నిలబడింది. స్వార్థపరుడిగా, చంపడానికి వెనుదీయనివాడిగా మొదలైన మనిషే చివర్లో స్నేహితుల కోసం ప్రాణాలకు తెగించి తిరిగొస్తాడు. మొదటి గుండు గ్రీడోకు అప్పగిస్తే హాన్ మొదటి నుంచీ మంచివాడే అవుతాడు, మారడానికి ఏమీ మిగలదు. అభిమానుల అభ్యంతరంలో పట్టు ఉంది. 'సోలో' చివర్లో హాన్ తన గురువు బెకెట్ మాట్లాడుతుండగానే ముందుగా కాల్చడం ఆ అభ్యంతరానికి సినిమా ఇచ్చిన జవాబు.

ఏది అసలు, ఏది కొసరు

సినిమాలు లేని 1980ల చివర్లో స్టార్ వార్స్‌ను బతికించినవి పుస్తకాలు. వెస్ట్ ఎండ్ గేమ్స్ సంస్థ 1987లో తెచ్చిన రోల్ ప్లేయింగ్ ఆట కోసం ఓడలకు, గ్రహాలకు, జీవజాతులకు పేర్లు, వివరాలు రాశారు. 1991లో టిమొతీ జాన్ 'ఎయిర్ టు ది ఎంపైర్' నవల రాసేటప్పుడు ఆ ఆట పుస్తకాలను ఆధారంగా ఇచ్చారు. గెలాక్సీ రాజధానికి కోరస్కాంట్ అన్న పేరు పెట్టింది జానే. 1999లో 'ది ఫాంటమ్ మెనేస్' సినిమాలో లూకస్ ఆ పేరునే వాడుకున్నాడు.

పుస్తకాలు పెరిగేకొద్దీ వైరుధ్యాలూ పెరిగాయి. లూకస్ సంస్థ లూకస్‌ఫిల్మ్‌లో లీలండ్ చీ 2000లో 'హోలోక్రాన్' అనే సమాచార నిధిని మొదలుపెట్టి, ప్రతి పాత్రనూ ప్రతి సంఘటననూ అందులో చేర్చాడు. దేనికి ఎంత ప్రామాణికత అనే అంతస్తులూ ఏర్పడ్డాయి. లూకస్ సినిమాలది పై మెట్టు, టీవీ సీరియళ్లది తర్వాతి మెట్టు, నవలలూ కామిక్సూ ఆ కింద, పొంతన పట్టించుకోని పాత సరుకు ఇంకా కింద. పై మెట్టు చెప్పిందానికి కింది మెట్టు అడ్డం వస్తే కింది మెట్టే తప్పుకోవాలి. మన పండితులు ఇతిహాసాల్లో ప్రక్షిప్తాలను ఏరే పని లాంటిదే ఇది. తేడా ఏమిటంటే ఇక్కడ తీర్పరి హక్కుదారు సంస్థే.

2012 అక్టోబరులో డిస్నీ 405 కోట్ల డాలర్లకు లూకస్‌ఫిల్మ్‌ను కొంటున్నట్టు ప్రకటించింది. కొత్త సినిమాలకు దారి సుగమం చేయడానికి 2014 ఏప్రిల్ 25న లూకస్‌ఫిల్మ్ కఠిన నిర్ణయం తీసుకుంది. అప్పటికి వచ్చిన ఆరు సినిమాలు, 'ది క్లోన్ వార్స్' సినిమా, సీరియల్ మాత్రమే ప్రామాణికమని, మిగతా పాత నవలలూ కామిక్సూ ఆటలూ 'లెజెండ్స్' అన్న ముద్రతో విడిగా ఉంటాయని ప్రకటించింది. 1999 నాటి 'వెక్టర్ ప్రైమ్' నవలలో చనిపోయిన చ్యూబాకా మళ్లీ బతికాడు. నవలల్లో లూక్ భార్య అయిన మారా జేడ్ చరిత్రలోంచి తప్పుకుంది. ఇరవై ఏళ్లకు పైగా ఆ పుస్తకాలతో పెరిగినవాళ్లకు ఇది సొంత జ్ఞాపకాలు తుడిచేసినట్టు అనిపించింది. ఆ బాధను తేలిగ్గా తీసుకోకూడదు. సినిమాలు రాని రోజుల్లో కథను కాపాడింది వాళ్లూ, వాళ్లు చదివిన రచయితలూనే.

అయినా ఆ సాహిత్యం పూర్తిగా చావలేదు. జాన్ సృష్టించిన సేనాని థ్రాన్ 2016లో 'రెబెల్స్' యానిమేషన్ సీరియల్ మూడో సీజన్‌తో ప్రామాణిక కథలోకి తిరిగొచ్చాడు. అక్కడ అతడికి గొంతునిచ్చిన డేనిష్ నటుడు లార్స్ మిక్కెల్సెన్ 2023లో 'అశోకా' సీరియల్‌లో స్వయంగా ఆ పాత్ర ధరించాడు. అభిమానులు 2005లో ప్రారంభించిన వూకీపీడియా అనే ఆన్‌లైన్ విజ్ఞానకోశం ఇప్పుడు ఒక్కో పాత్రకూ ప్రామాణిక చరిత్ర, లెజెండ్స్ చరిత్ర అని రెండు వేర్వేరు వ్యాసాలు నడుపుతోంది.

దాచిన గుర్తులు

దాచిన గుర్తుల్లో అన్నిటికంటే పాతది 1138 అన్న అంకె. లూకస్ విద్యార్థిగా 1967లో తీసిన లఘుచిత్రం పేరులోనూ, 1971లో తీసిన మొదటి పూర్తి నిడివి సినిమా 'టీహెచ్ఎక్స్ 1138'లోనూ ఉన్నది ఇదే. 1973 నాటి 'అమెరికన్ గ్రాఫిటీ'లో ఒక కారు నంబరు పలక మీద టీహెచ్ఎక్స్ 138గా కనిపిస్తుంది. 1977 సినిమాలో చ్యూబాకాను ఖైదీగా నటింపజేస్తూ తీసుకెళ్లేటప్పుడు 1138 నంబరు జైలు విభాగం నుంచి బదిలీ అని చెబుతారు. 1980 సినిమాలో 10, 11 నంబర్ల పైలట్లను 3-8 స్థావరానికి పంపమన్న ఆజ్ఞ వినిపిస్తుంది. వరసగా చదివితే మళ్లీ అదే అంకె తొంగిచూస్తుంది.

2187 కథ ఇంకా లోతైనది. లెయాను బంధించిన గది నంబరు ఇది. కెనడా జాతీయ చలనచిత్ర సంస్థలో పనిచేసిన ఆర్థర్ లిప్సెట్ 1960ల్లో '21-87' అనే ప్రయోగాత్మక లఘుచిత్రం తీశాడు. విద్యార్థిగా లూకస్ దానికి ముగ్ధుడయ్యాడు. ఆ గౌరవమే గది నంబరైంది. 2015లో 'ది ఫోర్స్ అవేకెన్స్' తీసిన జె.జె. అబ్రమ్స్ బృందం తిరుగుబాటు చేసే సైనికుడు ఫిన్‌కు ఎఫ్‌ఎన్-2187 అన్న నంబరు ఇచ్చింది. లెయా గది గుర్తున్నవాడు చిరునవ్వు నవ్వుతాడు. లిప్సెట్ సంగతి తెలిసినవాడికి ఇంకో పొర తెరుచుకుంటుంది. ఏదీ తెలియనివాడికి అది పేరు లేని సైనికుడి నంబరు, కథకు కావలసిందీ అంతే. దాచిన గుర్తుకు ఇంతకంటే మంచి నమూనా దొరకదు.

శబ్దాల్లోనూ గుర్తులున్నాయి. 1951లో 'డిస్టెంట్ డ్రమ్స్' సినిమా కోసం రికార్డు చేసిన ఒక కేకను సౌండ్ డిజైనర్ బెన్ బర్ట్ వెతికి పట్టి, 1953 సినిమా ఒకదానిలో ఆ కేక పెట్టిన పాత్ర పేరుతో విల్‌హెల్మ్ కేక అని పిలిచాడు. మొదటి స్టార్ వార్స్‌లో అగాధంలోకి పడిపోయే సైనికుడి నోట అది వినిపిస్తుంది. అక్కణ్ణుంచి హాలీవుడ్ అంతా పాకింది. ఏదో కీడు శంకిస్తోందన్న అర్థంలో వచ్చే ఒక సంభాషణ కూడా సినిమా తర్వాత సినిమాలో పునరావృతమవుతుంది. 'రోగ్ వన్'లో కే-2ఎస్ఓ అనే రోబో ఆ మాట మొదలుపెట్టగానే మిగతావాళ్లు నోరు మూయిస్తారు. 'ది లాస్ట్ జెడై' (2017)లో ఆ మాట వినపడలేదని అభిమానులు వాపోతే, బీబీ-8 రోబో కూతల భాషలో అనేసిందని దర్శకుడు రయన్ జాన్సన్ బయటపెట్టాడు.

దర్శకుడు స్టీవెన్ స్పీల్‌బర్గ్, లూకస్‌ల స్నేహం ఇలాంటి గుర్తుల గని. స్పీల్‌బర్గ్ తీసిన 1981 నాటి 'రెయిడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్'లో ఈజిప్టు స్తంభం మీద ఆర్2-డీ2, సీ-3పీవో రోబోల బొమ్మలు చెక్కి ఉంటాయి. 1982లో ఆయనే తీసిన 'ఇ.టి.'లోని జీవి వీధిలో స్టార్ వార్స్ పాత్ర యోడా వేషం వేసిన పిల్లవాణ్ణి చూసి ఇంటివాడిని చూసినట్టు వెంటపడుతుంది. 1999లో 'ది ఫాంటమ్ మెనేస్' సెనేట్ సభలో ఇ.టి. జాతి ప్రతినిధులే కూర్చుని ఉంటారు. అదే సినిమాలో వాటో అనే వ్యాపారి పాత సామాన్ల దిబ్బలో స్టాన్లీ కుబ్రిక్ '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'లోని చిన్న వ్యోమనౌక పడి ఉంటుంది.

అభిమానుల సరదా అధికారిక కథలోకి ఎక్కిన ఉదాహరణ కూడా చెప్పుకోవాలి. 1980 సినిమాలో మేఘనగరం ఖాళీ చేస్తున్నప్పుడు ఒక మనిషి ఐస్‌క్రీమ్ తయారుచేసే గృహోపకరణం చంకలో పెట్టుకుని పరుగెత్తుతాడు. కళ్లు మూసి తెరిచేలోపు మాయమయ్యే ఆ పాత్రకు విల్‌రో హుడ్ అనే పేరు వచ్చింది, బొమ్మ వచ్చింది. అభిమానుల సమావేశాల్లో అదే వేషంతో గుంపుగా పరుగులూ మొదలయ్యాయి. 2019లో 'ది మాండలోరియన్' సీరియల్ ఆ పెట్టెకు 'కమ్‌టోనో' అని పేరు పెట్టి, విలువైన లోహాన్ని భద్రపరిచే పేటికగా చూపించింది.

గుర్తు కథకు అడ్డం పడిన సందర్భాలూ ఉన్నాయి. 'రోగ్ వన్'లో జెడా నగరపు వీధిలో హీరోయిన్ జిన్‌కు తగిలే ఇద్దరు, మొదటి సినిమా మద్యశాలలో లూక్‌తో గొడవపడినవాళ్లే. చూడగానే ముచ్చటేస్తుంది. కానీ కాసేపటికే ఆ నగరం డెత్ స్టార్ అనే మహాయుధం దెబ్బకు తుడిచిపెట్టుకుపోతుంది. వాళ్లు అంతలోపే బయటపడి వేరే గ్రహం చేరారని ప్రేక్షకుడు సర్దుకోవాలి. ఒక్క క్షణం చప్పట్ల కోసం కథ మీద బరువు మోపడం ఇది.

అదే సినిమా పొంతన విషయంలో మాత్రం అత్యుత్తమం. కోట్ల మంది ప్రాణాలు తీయగల డెత్ స్టార్, రెండు మీటర్ల వెడల్పున్న గొట్టంలోకి దూరిన టార్పెడోతో పేలిపోవడం ఏమిటని తరాల తరబడి ప్రేక్షకులు అడిగారు. జాన్ నోల్ ఆలోచనతో, గారెత్ ఎడ్వర్డ్స్ దర్శకత్వంలో వచ్చిన 'రోగ్ వన్' ఆ లోపాన్ని గేలన్ ఎర్సో అనే ఇంజనీరు కావాలనే దాచిపెట్టాడని చెప్పింది. బలవంతాన పనిచేయించుకున్న రాజ్యం మీద అతడి ప్రతీకారమది. అభిమానులు ఎత్తిచూపిన లోపం ఒక తండ్రి త్యాగమైంది. చివరి యుద్ధంలో 'రెడ్ ఫైవ్' పైలట్ చనిపోతాడు. కొద్ది రోజుల తర్వాత లూక్‌కు దక్కే పిలుపు పేరు అదే. 1977 సినిమా కోసం తీసి వాడకుండా మిగిలిన పైలట్ల దృశ్యాలనూ ఆ యుద్ధంలో అతికారు.

ఇటీవలి సీరియళ్లతో చర్చలు కొంత చేదెక్కాయి. 'ఓబీ-వాన్ కెనోబీ' (2022)లో పదేళ్ల లెయా ఓబీ-వాన్‌తో కలిసి ప్రయాణం చేస్తుంది. 1977 సినిమాలో ఆమె పంపిన సందేశం మాత్రం, తండ్రి ద్వారా మాత్రమే ఆయన్ని ఎరిగినట్టు వినిపిస్తుంది. ఇది న్యాయమైన ప్రశ్న. 2024లో 'ది అకోలైట్'లో కీ-ఆడీ-ముండీ అనే జెడై యోధుడు తన పుట్టుకకు ముందే కనిపించాడని రేగిన రభస వేరు. ఆ పుట్టిన సంవత్సరం సినిమాల్లో ఎక్కడా లేదు, పాత అనుబంధ సమాచారంలోది. నచ్చని సీరియల్‌ను కొట్టడానికి తేదీలను కర్రలుగా వాడటం పొంతన పరిశోధన అనిపించుకోదు.

మూలప్రతి సంగతి

పొంతన చూడాలంటే మూలం చేతిలో ఉండాలి. 1988లో లూకస్ అమెరికా కాంగ్రెస్ ఎదుట, పాత సినిమాలకు రంగులద్ది మార్చడాన్ని వ్యతిరేకిస్తూ వాంగ్మూలం ఇచ్చాడు. మరుసటి ఏడాది స్టార్ వార్స్‌ను అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో చేర్చారు. లూకస్ తర్వాత చేసినట్టు తన సినిమాలను మార్చడం సృష్టికర్త హక్కని వాదించవచ్చు, ఆ వాదనకు బలమూ ఉంది. కానీ మార్చిన ప్రతితో పాటు మార్చకముందు ప్రతినీ అందుబాటులో ఉంచడం చరిత్ర పట్ల బాధ్యత. 2006లో డీవీడీ అనుబంధంగా తక్కువ నాణ్యతతో ఒకసారి ఇచ్చిందే తప్ప, సంస్థ చాలాకాలం 1977 ప్రతిని పక్కనే పెట్టింది. ఆ లోటు పూడ్చడానికి అభిమానులే పాత ఫిల్ము ప్రతులను సేకరించి, ఫ్రేము ఫ్రేమూ శుభ్రం చేసి పునరుద్ధరించారు. 2025 జూన్‌లో లండన్‌లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ తన ఉత్సవంలో భాగంగా, మార్పులేవీ లేని 1977 నాటి టెక్నికలర్ ప్రతిని ప్రేక్షకులకు ప్రదర్శించింది. అందులో గ్రీడో తుపాకీ పేలదు, ఉపోద్ఘాతంలో నాలుగో భాగమన్న మాట లేదు.